ఫలితం రాని ప్రయోగాన్ని ఎవరు రాస్తారు?

గత నెలలో ఒక ఆదివారం ఉదయం, మా పాత ల్యాబ్‌లో పీహెచ్‌డీ నాలుగో సంవత్సరంలో ఉన్న అమ్మాయి ఫోను చేసింది. మెడికల్ రైటింగ్‌లోకి రావాలంటే ఏ కోర్సు చేయాలి, ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారు, ఇంటి నుంచి పని చేయనిస్తారా అని పావుగంట అడిగింది. చివర్లో గొంతు తగ్గించి, "ఒక్క మాట అక్కా, ఏమీ అనుకోవద్దు. సైన్సు వదిలేసినందుకు మీకు బాధగా లేదా?" అంది.

నేను నవ్వేసి మాట మార్చాను. ఫోను పెట్టేశాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పెళ్లి భోజనాల దగ్గర మా బాబాయి "ఆరేళ్లు ఎలుకలతో కాపురం చేసి చివరికి రాతకోతల ఉద్యోగమా" అన్నప్పుడూ, మా గైడ్ గారు "మంచిదే, అందరూ శాస్త్రవేత్తలు కాలేరు కదా" అని దీవించినప్పుడూ విన్నది ఈ ప్రశ్నే. దీనికి నాకు నేను చెప్పుకునే జవాబు ఒకటి ఉంది. కొంచెం పెడసరంగా ఉంటుంది కనుక భోజనాల దగ్గర చెప్పను. ప్రయోగ ఫలితాన్ని ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు పరిశోధనశాల నేర్పలేదు, మందుల కంపెనీల కోసం రాసే పని నేర్పింది. కంపెనీలు సత్యహరిశ్చంద్రులని కాదు. వాటి మాట ఎవరూ నమ్మరు కాబట్టి.

ఏమీ జరగని ఎలుకలు

నా పీహెచ్‌డీ కాలేయంలో కొవ్వు నిల్వలకు సంబంధించిన ఒక జన్యువు మీద. దాన్ని తీసేస్తే ఎలుకల కాలేయంలో కొవ్వు పేరుకుపోతుందని మా ఊహ. ఎలుకలను తెప్పించి, జతలు కట్టించి, తోక కొసలతో జన్యు పరీక్షలు చేసి, కొవ్వు మేత పెట్టి రెండున్నరేళ్లు చూశాను. ఏమీ జరగలేదు. జన్యువు ఉన్న ఎలుకా, లేని ఎలుకా ఒకేలా తిన్నాయి, ఒకేలా లావెక్కాయి.

"ఏమీ జరగలేదని రాస్తే ఏ జర్నల్ వేస్తుంది?" అన్నారు మా గైడ్. ఆయనను తప్పు పట్టలేను. ఆయనకు తర్వాతి ప్రాజెక్టుకు డబ్బు రావాలి, నాకు డిగ్రీ రావాలి. కణాల మీద చేసిన ప్రయోగాల్లో ఒకటి కాస్త కథలా కనిపించింది. దాన్ని ముందుకు తెచ్చి పేపర్ రాశాం. ఏ గ్రాఫు మొదటి బొమ్మ కావాలో డేటా అంతా చూశాకే నిర్ణయించుకున్నాం. అది మోసమని నాకు అప్పుడు అనిపించలేదు, ఇప్పటికీ అంత మాట అనను. మా చుట్టుపక్కల అందరూ అలాగే రాసేవారు. ఎలుకలు మాత్రం థీసిస్ నాలుగో అధ్యాయం చివర రెండు పేరాలయ్యాయి. ఆ థీసిస్‌ను నేను, గైడ్, ఇద్దరు పరీక్షకులు చదివి ఉంటాం. అమ్మ అట్ట చూసింది.

2018లో బెంగళూరులో ఒక సదస్సుకు వెళ్లాను. పుణె నుంచి వచ్చిన స్కాలర్ ఒకావిడ నా పోస్టర్ ముందు చాలాసేపు నిలబడి, "ఎలుకల్లో చూశారా?" అని అడిగింది. చూశాం, ఏమీ రాలేదన్నాను. ఆమె ముఖం విప్పారింది. వాళ్ల ల్యాబ్‌లోనూ అదే జన్యువు, అదే రకం మేత, రెండేళ్లు, అదే సున్నా. తప్పు తన చేతుల్లోనే ఉందనుకుని మళ్లీ మొదటి నుంచి చేసిందట. క్యాంటీన్‌లో టీ తాగుతూ ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. నా రెండు పేరాలు ఎక్కడైనా అచ్చయి ఉంటే ఆమెకు ఆ రెండేళ్లు మిగిలేవి. ఆమెవి ముందు అచ్చయి ఉంటే నాకు మిగిలేవి.

డబ్బు సంగతి దాచను. 2013లో చేరినప్పుడు జేఆర్ఎఫ్, అంటే పరిశోధక విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్, నెలకు 16 వేలు. 2014 అక్టోబరు నుంచి 25 వేలు చేశారు. దేశమంతా స్కాలర్లు రోడ్డెక్కాక 2019లో 31 వేలయింది, 2023లో 37 వేలు. మొత్తం సంగతి అలా ఉంచితే, అది చేతికి ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే అసలు బాధ. నాలుగు నెలలు రాదు, ఐదో నెలలో అన్నీ కలిపి వస్తుంది. తార్నాకలో ఇంటి ఓనరు మాత్రం ఒకటో తారీఖు తప్పేవాడు కాదు. 2020 లాక్‌డౌన్‌లో ఎలుకల గది చూసుకునే మనుషులు లేక, జాతి నిలవడానికి నాలుగు జతలు ఉంచి మిగతావాటిని తీసేయమన్నారు. అప్పటికి నేను డిగ్రీ చేతికొచ్చి అదే ల్యాబ్‌లో ఏడాది ఒప్పందం మీద ఉన్నాను. ఆ పని నేనే చేశాను. మరుసటి ఏడాది ఉద్యోగం మారాను. ఏది ఎంత కారణమో విడదీసి చెప్పలేను.

ఈ వాక్యానికి టేబుల్ ఏది?

మెడికల్ రైటింగ్ అంటే "నిమ్మరసంతో నడుము నొప్పి మాయం" లాంటివి రాయడమని మా పక్కింటివాళ్ల నమ్మకం. నేను ఎక్కువగా రాసేవి సీఎస్ఆర్‌లు. పేపర్లలో కనిపించే కార్పొరేట్ సామాజిక బాధ్యత కాదు, క్లినికల్ స్టడీ రిపోర్ట్. ఒక మందును మనుషుల మీద పరీక్షించాక, ఆ పరీక్ష ఎలా జరిగిందో, ఏమి తేలిందో నియంత్రణ సంస్థలకు చెప్పే నివేదిక. అందులో ఏ శీర్షిక తర్వాత ఏది రావాలో ఐసీహెచ్ ఈ3 అనే అంతర్జాతీయ మార్గదర్శిక 1995లోనే ఖరారు చేసింది. అనుబంధాలతో కలిపితే వేల పేజీలవుతుంది. దాన్ని సరదాకి చదివే మనిషి భూమ్మీద ఉంటాడనుకోను.

నా మొదటి డ్రాఫ్టు తిరిగి వచ్చినప్పుడు అంచుల నిండా వ్యాఖ్యలే. "ఆసక్తికరంగా" అన్న మాట కొట్టేసి, "ఎవరికి?" అని రాసి ఉంది. "గణనీయంగా తగ్గింది" అన్నచోట "గణాంకాల అర్థంలోనా, మామూలు అర్థంలోనా?" అని ఉంది. ఒకచోట, తేడా కేవలం యాదృచ్ఛికమేమో తూచే పీ విలువ, మామూలుగా ఒప్పుకునే 0.05 దాటి 0.06 వస్తే, ల్యాబ్ అలవాటు కొద్దీ "సార్థకత వైపు మొగ్గు కనిపించింది" అని రాశాను. మా స్టాటిస్టీషియన్ మాటల పొదుపరి. "మొగ్గు ఎన్నికల్లో ఉంటుంది, ఇక్కడ ఉండదు" అని ఒక్క ముక్క రాశారు. ఇక మిగతా వాక్యాల పక్కన పేజీ తర్వాత పేజీలో ఒకటే ప్రశ్న: ఈ వాక్యానికి టేబుల్ ఏది?

ఆరేళ్ల పీహెచ్‌డీలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఇంకా వింతగా తోచింది మరొకటి ఉంది. రిపోర్టులో రాబోయే టేబుళ్లను ముందుగానే ఖాళీగా గీసి పెడతారు. ప్రధాన ఫలితంగా దేన్ని కొలవాలి, ఎన్నో వారంలో కొలవాలి, ఏ లెక్కతో తేల్చాలి అన్నది, ఎవరికి మందు పడిందో ఎవరికి ప్లసీబో (మందులా కనిపించే ఉత్తి మాత్ర) పడిందో తెలియకముందే కాగితం మీద పెట్టి సంతకాలు చేస్తారు. మందు పని చేయకపోతే, చేసిందని రాయవలసిన గడిలోనే చేయలేదని రాయాలి. గడిని పీకేసే వీలు లేదు. నేను రాసిన రెండో రిపోర్టు అలాంటిదే. ప్రధాన ఫలితంలో మందుకూ ప్లసీబోకూ తేడా లేదు. కంపెనీ ఆ మందును అక్కడితో ఆపేసింది. అయినా రిపోర్టు చివరి అనుబంధం దాకా రాయించారు, అంకె అంకెనూ మరొకరి చేత సరిచూయించారు, ఫలితాన్ని రిజిస్ట్రీలో, అంటే పరీక్షల వివరాలు అందరూ చూడగలిగే చోట, పెట్టారు. ఆ పని చేస్తున్నన్నాళ్లూ మా ఎలుకలు గుర్తొస్తూనే ఉన్నాయి.

కొత్తగా చేరినవాళ్లకు ముందుగా ఇచ్చే పని నేరేటివ్‌లు. పరీక్ష కాలంలో ఎవరికైనా తీవ్రమైన ఆరోగ్య సమస్య వచ్చినా, ఎవరైనా చనిపోయినా, వారి గురించి పేజీ, పేజీన్నర వరుసగా రాయాలి. పేర్లుండవు, నంబర్లే. వివరాలు మార్చి ఒకటి చెబుతాను. అరవై దాటిన ఒకాయన 113వ రోజున గుండెపోటుతో పోయారు. డేటాలో చూస్తే ఆయన చివరి మాత్ర వేసుకున్నది 115వ రోజున. తప్పెక్కడుందో కనుక్కోమని ఆసుపత్రికి ప్రశ్న పంపాం. వారం తర్వాత జవాబు వచ్చింది. ఆయన పోయిన మూడో రోజున ఇంటివాళ్లు వచ్చి మిగిలిన మాత్రల సీసా తిరిగి ఇచ్చి వెళ్లారట. సీసా అందిన తేదీని ఎవరో పొరపాటున చివరి మోతాదు గడిలో వేశారు. తేదీ సరిచేశాం. నేరేటివ్‌లో ఆ ఇంటివాళ్ల ప్రస్తావనకు చోటు లేదు, ఉండకూడదు కూడా. ఆ ఇంట్లో అంత దుఃఖంలోనూ మాత్రల సీసా వెనక్కి ఇవ్వాలని గుర్తుంచుకున్నది ఎవరో అని మాత్రం చాలా రోజులు అనుకున్నాను.

దస్తూరి

ఇంట్లో నా పని అందరికంటే ముందు అర్థమైంది నాన్నకు. ఆయన తెనాలిలో దస్తావేజు లేఖరి. ముప్పై ఏళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని ఇతరుల పొలాల గురించి రాశారు. "అమ్మేవాడు ఎంత మంచివాడో దస్తావేజులో రాయకూడదు. తూర్పు ఎవరిది, దక్షిణం ఎవరిది, విస్తీర్ణమెంత, పైకం ముట్టిందా లేదా, అంతే రాయాలి" అనేవారు. ఎక్కడైనా కొట్టివేత ఉంటే, ఏ పేజీలో ఏ పంక్తిలో కొట్టేశారో చివర రాసి సంతకాలు పెట్టించేవారు. మా దగ్గరా ప్రతి దిద్దుబాటుకూ పేరూ తేదీ మిగులుతాయని చెబితే, "మరి ఇన్నాళ్లూ మీ ల్యాబ్‌లో ఎలా దిద్దేవారు?" అని అడిగారు. వైట్నర్ సంగతి చెప్పలేదు.

పరీక్ష ఫలితాలను జర్నల్ వ్యాసాలుగా రాయడం కూడా అప్పుడప్పుడూ నాకు పడుతుంది. కేవలం రాసి పెట్టినంత మాత్రాన రచయిత కాలేరని జర్నల్ సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమం. పరీక్షను రూపొందించిన, డేటాను విశ్లేషించిన డాక్టర్ల పేర్లు పైన ఉంటాయి. నాకు కంపెనీ డబ్బిచ్చిందన్న సంగతితో సహా నా పేరు కృతజ్ఞతల్లో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు నాన్నకు పంపాను. కళ్లజోడు పైకి తోసుకుని, పేజీలన్నీ తిప్పి పట్టుకున్నారు. "ఓహో, దస్తూరి" అన్నారు. దస్తావేజు చివర, సాక్షుల కింద, రాసినవాడు పెట్టే సంతకం అది.

రాసినవాడి పేరు లేని రాతలు

ఇంతవరకూ చదివి, ఈవిడ కంపెనీల వకాల్తా పుచ్చుకుందని అనుకునేవారికి అనుకునే హక్కు ఉంది. ఆ చిన్న అక్షరాల కృతజ్ఞత కూడా ఊరికే రాలేదు. ఒకప్పుడు మెడికల్ రైటర్లు తెరవెనుక వ్యాసం రాసి, పేరున్న ప్రొఫెసర్ల పేర్లు పైన తగిలించేవారు. 2004లో మార్కెట్ నుంచి తీసేసిన వయాక్స్ అనే నొప్పి మందు విషయంలో అలాంటివి జరిగాయని కోర్టు పత్రాల ఆధారంగా 2008లో జామా అనే వైద్య జర్నల్ అచ్చు వేసింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది స్టడీ 329. కుంగుబాటుతో ఉన్న కౌమార వయసు పిల్లలకు పారాక్సెటిన్ ఇచ్చి చూసిన పరీక్ష. 2001లో వచ్చిన వ్యాసం మీద 22 మంది పేర్లున్నాయి. మందు బాగా పని చేస్తుందని, పిల్లలు బాగానే తట్టుకున్నారని తేల్చింది. మొదటి చిత్తు రాసింది కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న రైటర్. 2015లో స్వతంత్ర పరిశోధకులు అదే డేటాను మళ్లీ విశ్లేషించి బీఎంజే అనే వైద్య జర్నల్‌లో ప్రచురించారు. మందు ప్లసీబో కంటే మెరుగ్గా లేదు, హాని ఎక్కువగా ఉంది. ముందుగా అనుకున్న కొలమానాలు ఫలించకపోతే, తర్వాత ఎంచుకున్న కొలమానాలను వ్యాసంలో ముందుకు తెచ్చారు. ఏ గ్రాఫు మొదట పెట్టాలో డేటా చూశాక నిర్ణయించుకోవడం. ఆ వరుస చదివినప్పుడు నాకు ఒళ్లు చల్లబడింది. మా ఎలుకల పేపర్‌తో ఎవరికీ హాని జరగలేదన్నది నిజమే, కానీ పద్ధతి అదే.

2015 పరిశోధకులకు ఇది ఎలా తెలిసింది? కంపెనీ క్లినికల్ స్టడీ రిపోర్టు, దాని అనుబంధాలు, రోగుల కేసు పత్రాలు చూసి. ఫ్లూ జ్వరానికిచ్చే టామీఫ్లూ విషయంలోనూ అంతే. జర్నల్ వ్యాసాలను పక్కన పెట్టి, 1,60,000 పేజీలకు పైగా నివేదికలు చదివి, వైద్య పరీక్షల ఆధారాలను కలిపి తూచే కాక్రేన్ బృందం 2014లో ఆ మందు గురించిన గొప్పలను తగ్గించింది. మెరిసే వ్యాసం దాచినదాన్ని ఎవరూ చదవని నివేదిక పట్టిచ్చింది. నా పక్షాన నాకున్న బలమైన సాక్ష్యం ఇదే.

అయితే సాక్షి కూడా పూర్తిగా శుద్ధుడు కాదు. స్టడీ 329లో కొందరు పిల్లల ఆత్మహత్య ఆలోచనలను, ప్రయత్నాలను "భావోద్వేగ అస్థిరత" అన్న మాట కింద చేర్చారు. ప్రతి వాక్యానికీ టేబుల్ ఉండొచ్చు, ఆ టేబుల్‌లో గడి పేరే తప్పయితే? ఆ గడికి పేరు పెట్టేది నేను కాదు. అదే మాట నా ముందుకు వచ్చి ఉంటే వెనక్కి పంపేదాన్నా అని అడిగితే, పంపేదాన్నని చెప్పాలని ఉంది. చేరిన మొదటి ఏడాదిలో అయితే పంపేదాన్ని కాదు.

చీటీలు తీసినట్టు

నా పనిలో తెలుగు తగిలేది ఒకే ఒక్క చోట, పరీక్షలో చేరేవారికి ఇచ్చే అంగీకార పత్రంలో. అనువాదం వేరేవారు చేస్తారు, తెలుగు చదవగలిగినవారు ఎవరైనా ఉంటే సరిచూడమంటారు. "మీరు యాదృచ్ఛికంగా రెండు సమూహాలలో ఒకదానికి కేటాయించబడతారు" అని ఉందొకసారి. ఆ ఒక్క వాక్యం మా పిన్నికి ఫోనులో చదివి వినిపించాను. ఆమె తొమ్మిదో తరగతి దాకా చదివింది, పేపరు రోజూ చదువుతుంది. "అంటే నాకు మందు ఇస్తారా, ఇవ్వరా?" అంది. చీటీలు తీసినట్టన్నమాట పిన్నీ, ఏ చీటీ వస్తుందో నీకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు అన్నాను. "అలా చెప్పొచ్చుగా!"

అలాగే రాశాను. దాన్ని సరిచూడడానికి వేరేవారు మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పితే "లాటరీ" అయింది. లాటరీ అంటే బహుమతి వస్తుందని ఆశ పెట్టినట్టు కాదా అని అటువైపు నుంచి ప్రశ్న వచ్చింది. నిజమే, ఆ అభ్యంతరం అర్థం లేనిది కాదు. చివరికి నాణెం ఎగరేస్తే బొమ్మా బొరుసా పడినట్టు అన్నదానికి ఒప్పుకున్నారు. ఒక వాక్యానికి రెండు వారాలు పట్టింది. ఇంత గొడవ అవసరమా అని విసుక్కున్న సహోద్యోగికి ఖమ్మం గుర్తు చేశాను. 2009లో ఆ జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఇచ్చారు. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. అక్కడ పత్రం తెలుగులో ఎంత బాగున్నా ఏమయ్యేదని అడగవచ్చు. చదవవలసినవారి చేతికి వెళ్లని పత్రం ఏ భాషలో ఉన్నా ఒకటే. అది నా కలం పరిధిలో లేదు. బొమ్మా బొరుసా పరిధిలో ఉంది.

ప్రశ్న ఎవరిది

నన్ను ఊరడించాలనుకునేవారు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తెస్తారు. భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో పర్మనెంటు ఉద్యోగం దక్కక 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు, వెళ్లాకే కదా క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, బోదకాలు మందు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చాయి అంటారు. ఆ పోలిక నాకు పొసగదు. ఆయన ఒక ల్యాబ్ వదిలి మరో ల్యాబ్‌కు వెళ్లారు. ఏమి వెతకాలో అక్కడా ఆయనే నిర్ణయించారు. నేను వదిలింది సరిగ్గా దాన్నే. ఏ మందును ఏ జబ్బుకు ఎవరి మీద చూడాలో నన్ను ఎవరూ అడగరు. ప్రశ్న సిద్ధంగా నా బల్ల మీదికి వస్తుంది. జవాబును హద్దులతో సహా రాసిస్తాను. అర్ధరాత్రి డార్క్‌రూమ్‌లో ఫిల్ము మీద నల్లటి గీత తేలుతుంటే, ఈ క్షణాన ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు అన్న గర్వం కలిగేది. అది ఈ ఉద్యోగంలో లేదు. బాధగా లేదా అని ఆ అమ్మాయి అడిగింది దీని గురించే అయితే, ఉంది.

మళ్లీ ఫోను చేసి ఆ మాటే చెప్పాను. కోర్సులకు డబ్బు కట్టవద్దని, ఈ3 మార్గదర్శికను, ఐరోపా మందుల సంస్థ 2016 నుంచి బయటపెట్టిన నివేదికల్లో ఒకదాన్ని దించుకుని పక్కపక్కన పెట్టుకుని చదవమని, నిద్ర వస్తే ఈ పని వద్దని చెప్పాను. నేరేటివ్‌ల మొదటి చిత్తును ఇప్పుడు ఏఐ రాసిస్తోంది కదా, మరి మా గతి ఏమిటని అడిగింది. ఆ సీసా తేదీని యంత్రం పట్టలేదని నేను ధీమాగా ఉండలేను. తేదీల తేడా పట్టడం దానికి చేతకాని పనేమీ కాదు. ఆసుపత్రికి ఫోను చేసి ఎవరు అడుగుతారన్నది వేరే సంగతి.

ఈ నాలుగేళ్లలో "టేబుల్ ఏది" అన్న ఆ ప్రశ్న నన్ను వదలక, పోయిన సంక్రాంతి సెలవుల్లో పుణె ఆవిడను వెతికి పట్టుకున్నాను. నాగపూర్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆమె ఎలుకల డేటా, నా ఎలుకల డేటా కలిపి పన్నెండు పేజీలు రాశాం. కొలమానం ఏమిటో మొదటి పేజీలోనే చెప్పాం, ఏమీ తేలలేదని రెండో పేజీలో చెప్పాం. ప్రతి వాక్యానికీ టేబుల్ ఉంది. జర్నల్ కంటే ముందే పేపర్లను అందరికీ ఉచితంగా చూపే బయోఆర్కైవ్ వెబ్‌సైటులో పెడదామని ఇద్దరి గైడ్‌లకూ పంపాం. ఆమె గైడ్ వెంటనే సరేనన్నారు. మా గైడ్ గారి దగ్గర నుంచి పదకొండు వారాలకు జవాబు వచ్చింది. ఫైలు మొత్తంలో ఒకే ఒక్క వ్యాఖ్య, శీర్షిక పక్కన: "దీన్ని ఇంకొంచెం ఆసక్తికరంగా చెప్పలేమా?"